దగ్గుకొక మాత్ర, వణుకుకొక మాత్ర

మా బావ సెలూన్‌కీ నా కుట్టు దుకాణానికీ మధ్య ఒక చెక్క గోడ ఉంది. గోడ అని మర్యాదకి అంటున్నాను గానీ, అది రెండు పాత తలుపు రెక్కలు నిలబెట్టి మేకులు కొట్టిన అడ్డం. అటు ఎవరైనా తుమ్మితే ఇటు నేను "చిరంజీవ" అనాల్సిందే. కత్తెర చప్పుడు, నీళ్ళు చిమ్మే సీసా చప్పుడు, కుర్చీ కిర్రుమన్న చప్పుడు, అన్నీ నా మిషను చప్పుడులో కలిసిపోతాయి. కలవకుండా విడిగా వినిపించేవి రోగాల కబుర్లు.

మీరెప్పుడైనా గమనించారో లేదో, మెడకి తెల్లగుడ్డ చుట్టి కుర్చీ వెనక్కి వాల్చగానే మగవాళ్ళకి ఎక్కడలేని నిజాయితీ పుట్టుకొస్తుంది. పెళ్ళానికి చెప్పని మోకాలి నొప్పి, డాక్టరుకి చెప్పడానికి సిగ్గుపడే మలబద్ధకం, అద్దంలోకి చూస్తూ మా బావకి చెప్పేస్తారు. బావ అందరికీ ఒకేలా "ఊఁ" కొడతాడు. ఆ "ఊఁ" వింటే సగం రోగం తగ్గిపోతుందని మా వీధిలో పేరు.

మిగతా సగానికి ఒక పౌడరు డబ్బా ఉండేది. అద్దం కింద అరలో, దువ్వెనలకీ పటిక ముక్కకీ పక్కన. రోగం తగ్గిపోయి మాత్రలు మిగిలినవాళ్ళు తెచ్చి అందులో పడేసేవారు. "పారెయ్యడం ఎందుకు, ఎవరికైనా పనికొస్తాయి" అనేవారు. కావలసినవాళ్ళు వెతుక్కుని పట్టుకెళ్ళేవారు. జ్వరం బిళ్ళలు, గ్యాసు బిళ్ళలు, దేనికిచ్చారో ఇచ్చినవాడికే గుర్తులేని గులాబీరంగు బిళ్ళలు. ముందు డబ్బా, ఆ తర్వాతే డాక్టరు. అదేదో తప్పని మాలో ఒక్కరికీ తోచలేదు. నేను మాత్రం తక్కువ తిన్నానా? మిషను సొరుగులో దారపు కండెల పక్కన తలనొప్పి బిళ్ళల అట్ట లేకపోతే నాకు సూదిలో దారం ఎక్కేది కాదు.

మందులంటే మా ఇంట్లో భక్తి ఉండటానికి కారణం లేకపోలేదు. చిన్నప్పుడు మా అక్కకి న్యుమోనియా వచ్చి, ఒళ్ళు కాలిపోయి కళ్ళు తేలేస్తే, ఆసుపత్రిలో సూదులు పొడిచి పొడిచి దాన్ని మాకు తిరిగిచ్చారు. అంతకు ముందు తరంలో అయితే ఆ పిల్ల దక్కేది కాదని అమ్మ చచ్చేదాకా చెబుతూనే ఉండేది. ఆ దక్కిన పిల్లే మా బావని చేసుకుంది. కాబట్టి మందులు లేకపోతే నాకు బావ లేడు, ఈ కథ కూడా లేదు.

బావ సంగతి చెప్పాలంటే ముందు చెయ్యి సంగతి చెప్పాలి. మనిషి మామూలుగా ఉంటాడు. కాస్త బొజ్జ, కాస్త బట్టతల. వీధిలో అందరి జుట్టూ కత్తిరించేవాడికి సొంత జుట్టు లేదేమిటి బావా అంటే, "మిఠాయి చేసేవాడు మిఠాయి తింటాడా మరదలా" అని తప్పించుకుంటాడు. కానీ కత్తి పట్టుకున్నాడంటే ఆ చెయ్యి వేరు. మడత కత్తి విప్పి, కొత్త బ్లేడు తొడిగి, బొటనవేలితో చెంప కాస్త సాగదీసి గీస్తుంటే, కుర్చీలో మనిషి గుర్రుపెట్టి నిద్రపోయేవాడు. గొంతు మీద కత్తి పెట్టించుకుని నిద్రపోవడమంటే మాటలా! అంత నమ్మకం ఆ చెయ్యంటే.

మా బావ మామగారు, అంటే మా నాన్న, దర్జీ. బావ వాళ్ళ నాన్న మంగలే. ఆయనకి ముసలితనంలో చేతులు వణికి, వచ్చేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయి, చివరికి ఖాళీ కుర్చీలో తనే కూర్చుని రోజంతా అద్దం చూసుకునేవాడట. బావకి ఆ ఒక్క భయం. దెయ్యానికి భయపడడు, అప్పులవాడికి భయపడడు, మా అక్కకి కూడా అంతగా భయపడడు.

ఇక బీపీ. ఒకసారి తల బరువుగా ఉందంటే అక్క చెయ్యి పట్టుకుని పెద్దరోడ్డు మీద ఆసుపత్రికి లాక్కుపోయింది. అక్కడ డాక్టరమ్మ చేతికి పట్టీ చుట్టి, గాలికొట్టి, కనుబొమ్మలు ముడిచింది. బీపీ బాగా ఎక్కువగా ఉందనీ, రోజూ ఒక మాత్ర వేసుకోవాలనీ, నెల తిరక్కుండా మళ్ళీ వచ్చి కనిపించాలనీ చెప్పింది. బావ మాత్ర వేసుకున్నాడు. తల బరువు దిగింది. తల బరువు దిగాక డాక్టరమ్మ ఎందుకు గుర్తుంటుంది? ఖాళీ అట్ట మందుల షాపులో చూపించి, అలాంటిదే ఇంకోటి తెచ్చుకోవడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత దగ్గు పట్టుకుంది. కఫం లేదు, జ్వరం లేదు, గొంతులో ఈక పెట్టి గిలిగింతలు పెడుతున్నట్టు ఒకటే పొడిదగ్గు. గోడకి అటు ఖళ్ళుమంటే ఇటు నా కుట్టు వంకర పోయేది. గెడ్డం గీస్తూ దగ్గడమంటే ఎంత ప్రమాదమో మీరే ఆలోచించుకోండి. పాపం, దగ్గు వచ్చే ముందు కత్తి పైకెత్తి, మొహం పక్కకి తిప్పుకుని, దగ్గి, మళ్ళీ దించేవాడు. చూసేవాళ్ళకి అదేదో నాట్యంలా ఉండేది.

"బావా, నీ దగ్గు విని రెండుసార్లు బొత్తాం కాజా చొక్కా వీపు మీద కుట్టాను. నష్టం ఎవరిస్తారు?"

"వీపు మీద బొత్తాలు పెట్టుకోవడం కొత్త ఫ్యాషనని చెప్పు మరదలా" అని, మళ్ళీ దగ్గు.

కుర్చీలో కూర్చున్నవాడల్లా ఆ దగ్గుకి ఒక కారణం చెప్పాడు. జుట్టు దుమ్మన్నాడు ఒకడు, పౌడరన్నాడు ఇంకొకడు. చివరికి మాస్టారు వచ్చారు.

మాస్టారంటే బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన పెద్దమనిషి. ఆయనకి లేని జబ్బు లేదు, ఆయన మింగని మాత్ర లేదు. చొక్కా జేబు ఎప్పుడూ ఉబ్బి ఉంటుంది. నడుస్తుంటే జేబులో అట్టలు కరకరలాడతాయి. ఆయన వస్తున్నారని చూడక్కర్లేకుండానే తెలిసిపోయేది. మంచివారు, కానీ ఆ మంచితనమంతా మందుల రూపంలో పంచుతారు.

"ఒరే, అది ఆయాసం దగ్గురా. నాది కూడా ఇలాగే మొదలైంది" అన్నారు మాస్టారు. "ఇదిగో, ఈ తెల్లబిళ్ళ వెయ్యి. ఊపిరితిత్తులు తలుపులు తీసినట్టు తెరుచుకుంటాయి."

"మీకు రాసిచ్చింది కదా మాస్టారూ, నేను వేసుకోవచ్చా?"

"ఊపిరి ఎవడిదైనా ఊపిరే కదరా" అన్నారాయన. లెక్కల మాస్టారు, ఆయన మాట కాదనేదెవరు?

బావ తెల్లబిళ్ళలు మొదలుపెట్టాడు. దగ్గు తగ్గిందా అంటే, తగ్గినట్టే అనిపించింది గానీ తగ్గలేదు. కొత్తగా ఇంకోటి వచ్చింది. ఒకరోజు టీ గ్లాసు అందిస్తుంటే, అతని చేతిలో గ్లాసు సాసరు మీద టకటకలాడింది. ఇద్దరం ఆ చప్పుడు విన్నాం. బావ నా మొహం చూశాడు. నేను గ్లాసు చూశాను.

"రాత్రి నిద్రలేదు, అంతే" అన్నాడు. నేను అడగలేదు కూడా.

అక్కడినుంచి ఒకటే దాగుడుమూతలు. బ్లేడు మొండిదైపోయిందనీ, వేడినీళ్ళు అయిపోయాయనీ చెప్పి గెడ్డాలు తప్పించుకునేవాడు. జుట్టు మాత్రం కత్తిరించేవాడు, కత్తెర కాస్త వణికినా జుట్టు ఫిర్యాదు చెయ్యదు కదా. మాస్టారే మళ్ళీ కనిపెట్టారు. "నరాల బలహీనత" అని తీర్పిచ్చి, పౌడరు డబ్బాలో వెతికి, ఎవరో మిగిల్చిన నరాల మాత్ర తీసిచ్చారు. దాంతో వణుకు కాస్త సద్దుమణిగింది గానీ నిద్ర ముంచుకొచ్చింది. ఒక మధ్యాహ్నం గోడకి అటు ఎంతసేపటికీ చప్పుడు లేకపోతే వెళ్ళి చూశాను. కుర్చీలో మనిషి నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. వెనకాల మా బావ దువ్వెన పైకెత్తి పట్టుకుని, నిలబడే, నిద్రపోతున్నాడు. ఇద్దరూ ఒకే శ్రుతిలో గుర్రు. నవ్వాలో ఏడవాలో తెలీక చప్పట్లు కొట్టాను. ఇద్దరూ ఒకేసారి "ఊఁ" అన్నారు.

నిద్రమత్తుకి టీ ఎక్కువైంది. టీకి కడుపులో మంట ఎక్కువైంది. మంటకి అక్క తన గ్యాసు బిళ్ళలిచ్చింది. పొద్దున్నే బావ అరచేతిలో బిళ్ళలు పోసుకుంటే రంగులరాట్నంలా ఉండేది. ఏది దేనికో అతనికే గుర్తుండేది కాదు. ఒకటి తలకి, ఒకటి దగ్గుకి, దగ్గు బిళ్ళ తెచ్చిన వణుకుకి ఒకటి, వణుకు బిళ్ళ తెచ్చిన మత్తుకి టీ. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"బావా, ఇన్ని మింగితే ఇక అన్నం ఎక్కడ పడుతుంది? ఆ డాక్టరమ్మ దగ్గరికి పోయి ఒక్కసారి చెప్పొచ్చు కదా!"

"వెళ్తే చేతులు చాపమంటుంది" అన్నాడు. ఆ మాట మాత్రం వేళాకోళంగా అనలేదు. "చూసి, మీ నాన్నకొచ్చిందే నీకూ వచ్చిందంటుంది. అది వినడానికి నేను వెళ్ళను."

అదన్నమాట సంగతి. తెలిస్తే కుర్చీ పోతుందని భయం.

ఒకరోజు మాస్టారు గెడ్డం గీయాల్సిందేనని పట్టుబట్టారు. కూతురింటికి వెళ్ళాలి, మనవడు గుచ్చుకుంటోందని ఏడుస్తాడు. బావ తప్పించుకోలేకపోయాడు. గోడ ఇవతల నేను మిషను ఆపి కూర్చున్నాను. కాసేపటికి "అబ్బా" అన్నది వినిపించింది. ఇంకాస్సేపటికి ఇంకో "అబ్బా." నేను వెళ్ళేసరికి మాస్టారి మొహం మీద నెత్తుటి చుక్కలు, చుక్కచుక్కకీ కాగితం ముక్క. పటిక రాస్తున్న బావ చెయ్యి ఇంకా ఎక్కువ వణుకుతోంది. మాస్టారు కోప్పడలేదు. "చర్మం ముడతలు పడిపోయిందిరా, తప్పు నీది కాదు" అన్నారు. ఆ మంచితనమే బావని చంపేసింది.

ఆయన వెళ్ళగానే, బావ అరలో అట్టలన్నీ, పౌడరు డబ్బాతో సహా, కత్తిరించిన జుట్టు పోసే బుట్టలో పారబోశాడు. "ఈ విషాలే నన్ను తినేస్తున్నాయి. ఇక ఒక్కటి ముట్టను" అన్నాడు. బీపీ మాత్ర కూడా అందులోనే పోయింది. అక్క నెత్తీనోరూ కొట్టుకుంది. "ఏవండీ, అది ఒక్కటీ వేసుకోండి, డాక్టరమ్మ చెప్పింది కదా" అంటే వినలేదు. బిళ్ళ చేతికిస్తే నోట్లో వేసుకున్నట్టు నటించి పెరట్లో ఉమ్మేసేవాడు.

ఆ తర్వాత జరిగింది చూడండి. దగ్గు తగ్గింది! ముందు పగలు తగ్గింది, తర్వాత పూర్తిగా పోయింది. వణుకు పోయింది, మత్తు పోయింది. గోడకి అటునుంచి మళ్ళీ గెడ్డం గీస్తున్న చప్పుడు, గుర్రు, పాట కూడా. నిండు టీ గ్లాసు సాసరు మీద పెట్టి, ఒంటిచేత్తో ఎత్తి నాకు చూపించాడు. ఒక్క చుక్క తొణకలేదు. సంతోషంతో నాకు ఏడుపొచ్చింది, నిజం దాచడమెందుకు. ఆ సంతోషంలో నేను కూడా నమ్మేశాను.

ఇక మా బావని పట్టేదెవరు? అప్పటిదాకా "ఊఁ" మాత్రమే కొట్టినవాడు ఉపన్యాసాలు మొదలుపెట్టాడు. కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ గెడ్డంతో పాటు జ్ఞానోదయం. "మందులు మానెయ్యండి సార్. మానడమే మందు. నన్ను చూడండి" అని చెయ్యి చాపేవాడు. నిబ్బరంగా ఉన్న ఆ చేతిని చూస్తే ఎవరికైనా నమ్మకం కుదురుతుంది. కూతురింటికి బయల్దేరే ముందు మాస్టారు కూడా వచ్చి, ఆ చేతిని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఔరా" అన్నారు.

లోపల బీపీ ఏం చేస్తోందో ఎవరికి తెలుసు? అది దగ్గదు, వణకదు, గుర్రు పెట్టదు. గోడకి ఇవతల కూర్చున్న నాకు వినపడే చప్పుడు ఒక్కటీ చెయ్యదు.

ఒక ఉదయం సెలూన్ నిండా జనం. నేను కాలరు కుడుతున్నాను. అటు దువ్వెన నేల మీద పడిన చప్పుడైంది. దువ్వెన రోజూ పడుతుంది, తీసుకుంటారు, ఊది మళ్ళీ దువ్వుతారు. ఈసారి తీసిన చప్పుడు రాలేదు. ఎవరో "ఏమైంది, ఏమైంది" అంటున్నారు. పరిగెత్తాను. బావ అద్దం ముందు నిలబడి తన మొహమే చూసుకుంటున్నాడు. మూతి ఒక పక్కకి జారిపోయింది. కుడిచెయ్యి పక్కన వేలాడుతోంది. నన్ను చూసి ఏదో అనబోయాడు, మాట రాలేదు, ముద్దగా ఏదో వచ్చింది. రోజంతా మనుషుల మొహాలు చక్కదిద్దేవాడు, తన మొహం వంకరైతే అందరికంటే ముందు తనే చూశాడు. ఆ కళ్ళలో భయం నేను చచ్చేదాకా మరిచిపోలేను.

ఆసుపత్రి నడిచివెళ్ళేంత దూరమే. కానీ కాలు ఈడుస్తున్నాడని ఆటోలో వేసుకుని, అక్కా నేనూ చెరోపక్కా పట్టుకుని పరిగెత్తించాం. వెంటనే తీసుకురావడం మంచిదైందని డాక్టరమ్మ అంది. సాయంత్రానికి మూతి సరైంది. మాట వచ్చింది. చేతి వేళ్ళు ఒక్కొక్కటే కదిలాయి. మెదడుకి రక్తం వెళ్ళే దారిలో చిన్న గడ్డ ఏదో అడ్డం పడి తొలగిపోయిందట. ఇది హెచ్చరికేననీ, ఇంకోసారి వస్తే ఇలా వదలకపోవచ్చనీ చెప్పింది.

మర్నాడు మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, మొదటినుంచీ చెప్పమంది. బావ తలవంచుకుని చెప్పుకుపోయాడు. ఎక్కడ ఆగినా అక్క అందించింది, అక్క మరిచిపోయినచోట నేను అందించాను. డాక్టరమ్మ వింటూ వింటూ కళ్ళజోడు తీసేసింది.

"నేనిచ్చిన రకం బీపీ మాత్ర కొందరికి పొడిదగ్గు తెస్తుంది. అలాంటివాళ్ళకి వేరే రకం ఇస్తాం. దగ్గు పోతుంది, అంతే. మీరు వేసుకున్న ఆయాసం బిళ్ళ చేతులు వణికిస్తుంది. మీకు ఆయాసమే లేదు. ఆ వణుకు మీ నాన్నగారిది కాదు, ఆ బిళ్ళది."

బావ తలెత్తాడు. "అయితే నాకు ఆ జబ్బు లేదా అమ్మా?"

"లేదు. దగ్గు వచ్చినప్పుడు ఎవరికి చెప్పారు?"

"అందరికీ చెప్పానండీ."

"నాకు?"

బావ పైకప్పుకేసి చూశాడు. పైకప్పు ఏం చెబుతుంది? వీధి వీధంతా విన్న దగ్గు, మాత్ర రాసిన మనిషి ఒక్కతే వినలేదు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే అరికాలి మంట నెత్తికెక్కింది, ఆ తర్వాత బావని చూస్తే జాలేసింది. ఈ మూడూ ఒకేసారి రావడం నాకు అదే మొదటిసారి.

కొత్త మాత్రలతో ఇంటికొచ్చాడు. దగ్గు లేదు, వణుకు లేదు, బీపీ అదుపులో ఉంది. కుర్చీ తుడిచి తలుపులు తెరిచాడు. వచ్చినవాళ్ళందరితోనూ, "నా మాట విని మందులు మానేస్తే మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి సార్, నాకు బుద్ధొచ్చింది" అని లెంపలేసుకుంటూ చెప్పాడు. మాస్టారికి ఫోను చేస్తే ఎత్తలేదు. కూతురింట్లో ఉన్నన్నాళ్ళూ ఆ ఫోను మనవడి ఆటలకే అంకితం.

కానీ గెడ్డం మాత్రం గీయలేదు. కత్తెర పట్టాడు, కత్తి పట్టలేదు. ఎవరడిగినా "ఇప్పుడు జుట్టు ఒక్కటే సార్" అనేవాడు. రోజులు గడుస్తున్నకొద్దీ గెడ్డం కోసం వచ్చేవాళ్ళు పక్కవీధికి మళ్ళారు. మధ్యాహ్నాలు కుర్చీ ఖాళీగా ఉండేది. ఒకసారి తొంగిచూస్తే ఆ ఖాళీ కుర్చీలో బావే కూర్చుని అద్దం చూసుకుంటున్నాడు.

"బావా, వణుకు లేదని డాక్టరమ్మే చెప్పింది కదా! ఇంకా ఏమిటీ నాటకం?"

"వణుకు లేదు మరదలా. కానీ ఆరోజు చెయ్యి నాతో చెప్పి పడిపోయిందా? దువ్వెన కాబట్టి నేల మీద పడింది. కత్తయితే ఎక్కడ పడేది?"

మాటకి మాట అప్పజెప్పడంలో నన్ను మించినవాళ్ళు లేరంటారు, ఆరోజు మాత్రం తిన్నగా వచ్చి మిషను తొక్కాను.

మాస్టారు తిరిగొచ్చింది అలాంటి ఒక మధ్యాహ్నమే. జేబు కరకరలు వినపడలేదు కాబట్టి గుమ్మంలోకి వచ్చేదాకా నాకూ తెలీలేదు. తిన్నగా వెళ్ళి కుర్చీలో కూలబడ్డారు. మొహం నిండా తెల్లగెడ్డం.

"గీయరా. కూతురింటి దగ్గర వాడెవడో గీస్తానంటే వద్దన్నాను. నీ చేతికి తప్ప ఈ గొంతు ఎవడికీ ఇవ్వను."

"మాస్టారూ, నేనిప్పుడు..." అని బావ నసిగాడు. ఆయన అప్పటికే కుర్చీ వెనక్కి వాల్చుకుని కళ్ళు మూసుకున్నారు. ఇక తప్పక బావ గుడ్డ కప్పాడు, సబ్బు నురగ పట్టించాడు, కత్తి విప్పి బ్లేడు తొడిగాడు. నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. కత్తి చెంప దగ్గరికి వెళ్ళింది, ఆగింది. ఇంకా చెంపని తాకలేదు.

"నీ పుణ్యమా అని" అన్నారు మాస్టారు కళ్ళు తెరవకుండానే, మాటమాటకీ ఊపిరి తీసుకుంటూ, "అన్నీ మానేశానురా. బీపీది, గుండెది, ఆయాసానిది, అన్నీ. నీ చెయ్యి చూశాక, ఇంకా మింగడం ఎందుకనిపించింది. ప్రయాణం బడలికకి కాళ్ళు కాస్త వాచాయి గానీ, హాయిగా ఉంది."

బావ కిందకి చూశాడు. నేనూ చూశాను. మాస్టారి పాదాలు బూరెల్లా పొంగి, చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగిపోయాయి.

"లేవండి" అన్నాడు బావ.

"ఇంకా గీయందే?"

"లేవండి మాస్టారూ!" బావ అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. ఆయన్ని చంకలో చెయ్యేసి లేపి, మెడలో గుడ్డతో, మొహాన నురగతో, అలాగే వీధిలోకి నడిపించాడు. ఆటో కోసం అటూ ఇటూ చూశాడు. సమయానికి ఒక్కటి ఉంటే ఒట్టు. నడిపించుకుంటూనే, మధ్యమధ్యలో ఆపి ఊపిరి తీసుకోనిస్తూ, పెద్దరోడ్డుకి తీసుకెళ్ళాడు. వెనకాల నేను. ఎదురొచ్చినవాళ్ళంతా పక్కకి తప్పుకుని దారిస్తుంటే, ఎంత మర్యాదస్తులో అనుకున్నాను. తర్వాత చూస్తే బావ కుడిచేతిలో విప్పిన కత్తి అలాగే ఉంది. నురగ మొహంతో ముసలాయన్ని ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో కత్తి పట్టుకుని నడిపిస్తుంటే ఎవరు తప్పుకోరు?

"బావా, కత్తి!" అన్నాను.

"ఆఁ, పద పద" అన్నాడు. నేను ఏమన్నానో వినలేదు. మడవను కూడా మడవలేదు.

ఆసుపత్రి గుమ్మంలో డాక్టరమ్మ మమ్మల్ని చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. బావ ఒకే గుక్కలో చెప్పేశాడు. "నేనే మాన్పించానమ్మా. మందులన్నీ నేనే మాన్పించాను. ఈయనకేమైనా అయితే నాదే పాపం. చూడండమ్మా, ముందు ఈయన్ని చూడండి." ఆ మాట చెబుతూ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

ఆవిడ మాస్టారిని లోపల పడుకోబెట్టి చూసింది. పట్టీకి గాలికొట్టింది, వీపు మీద గొట్టం పెట్టి వింది, ఒక సూది వేసింది, చెడామడా తిట్టింది. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే గుండె చేతులెత్తేసేదట. ఇద్దరికీ కలిపి తిట్టింది కాబట్టి మాస్టారికి సగమే తగిలింది. కాసేపటికి ఊపిరి తేలికపడింది. వరండాలో బల్ల మీద గోడకి ఆనించి కూర్చోబెట్టి, మళ్ళీ వచ్చి చూస్తానని చెప్పి వెళ్ళింది.

మాస్టారు బుగ్గ గోక్కున్నారు. "ఒరే, సబ్బు ఎండిపోయి చచ్చే దురదగా ఉందిరా."

"కదలకండి మరి" అన్నాడు బావ. కళ్ళు తుడుచుకుని, జేబు గుడ్డ కుళాయి కింద తడిపి తెచ్చి, నురగ మెత్తబరిచి, గెడ్డం కింద వేలు పెట్టి తల పైకెత్తి, గీయడం మొదలుపెట్టాడు. తిడుతూనే గీస్తున్నాడు. "చెప్పాపెట్టకుండా మానేస్తారా? నేనొక వెర్రివెధవని, మీరు లెక్కలు చెప్పినవారు, మీ బుద్ధి ఏమైంది? ఇకనుంచి రోజూ మీ మాత్ర నా ఎదురుగా వేసుకోవాలి. నోరు మూయండి, పెదవి కదిలితే తెగుతుంది." కత్తి చెవి పక్కనుంచి దవడ దాకా, దవడ మీంచి గొంతు దాకా, ఎక్కడా ఆగకుండా జారుతోంది. ఒక్క గీత కూడా తప్పలేదు. మాస్టారి కళ్ళు మూతలు పడుతున్నాయి.

నేను స్తంభం పట్టుకుని నిలబడ్డాను. ఏమైనా అంటే గుర్తొచ్చి ఆగిపోతాడేమోనని భయమేసి, నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నాను. కళ్ళనుంచి నీళ్ళు కారిపోతున్నాయి.

డాక్టరమ్మ మళ్ళీ వచ్చింది. మాస్టారి నాడి చూసి తలాడించింది. తర్వాత బావ కేసి తిరిగింది. "మీరు కూడా చూపించుకోవాల్సిన రోజు దాటిపోయింది కదా? ఏదీ, చేతులు చాపండి. ఆ కుడిచెయ్యి ఎలా ఉందో చూద్దాం."

బావ తలెత్తనైనా ఎత్తలేదు.

"ఒక్క నిమిషం ఆగండమ్మా" అన్నాడు. "ఈ పక్క చెంప మిగిలింది."